పద్నాలుగో గది

రాత్రి రెండూ పదిహేడు.
దిండు కింద ఫోను ఒక్కసారి వణికింది.
వెనోస్తా లోయలో ఈ వేళప్పుడు మెలకువగా ఉండేది
మంచు తోసే బండి నడిపే రుడీ ఒక్కడు,
రెండోది నేను.

పద్నాలుగో గదిలో రెండొందల టన్నుల గోల్డెన్ ఆపిల్ పళ్ళు
నిద్రలో ఇబ్బందిగా కదిలాయి.

కోసినంతమాత్రాన పండు చావదు.
ఈ సంగతి తినేవాళ్ళకి చెప్పం.
బుట్టలోనూ, బల్లమీదా, బడికెళ్ళే పిల్ల సంచీలోనూ
ఊపిరి తీస్తూనే ఉంటుంది.
ఎంత గబగబా తీస్తే అంత తొందరగా ముసలిదవుతుంది.
అందుకే సెప్టెంబరులో తలుపు బిగించి
గదిలో గాలిని పలచన చేస్తాం.
ఇరవై ఒక్క శాతం ప్రాణవాయువుని
ఒక శాతానికి,
ఆపైన, మెల్లగా, అరశాతానికి.
చావనివ్వం. పూర్తిగా బతకనివ్వం కూడా.
జూన్ దాకా ఇంతే.

ఆ అరశాతం కింద ఎక్కడో ఒక గీత ఉంది.
ఏడాదికో చోట ఉంటుంది, ఏ తోట పండుకి ఆ తోటదే.
అది దాటితే పండుకి ఊపిరాడదు,
లోపల్లోపలే సారా కాచుకోవడం మొదలెడుతుంది.
గోడలోంచి వచ్చే సన్నగొట్టం చివర
గోరంత పలక ఒకటి ఆ వాసన పసిగట్టి
అంకె చేసి నాకు పంపుతుంది.
దానికి ముక్కు లేదు,
ముక్కున వేలేసుకోవడం అసలే రాదు.
ఇందాక అది చెప్పిందల్లా ఇంతే:
పద్నాలుగు. ఎథనాల్. పెరుగుతోంది.

రైతుల సంఘం విందులో మా అధ్యక్షుడు
"మా పళ్ళు తాగితే బుర్గాకి ఫోన్ చేస్తాయి" అంటాడు.
అందరూ నవ్వుతారు.
నేను రొట్టె తుంచుకుంటూ ఉంటాను.

ఫ్లోరిన్ రోజుల్లో ఈ పలకలు లేవు.
తలుపులో పళ్ళెమంత గాజు కిటికీ,
దానిలోంచి టార్చి వేసి చూడ్డమే.
నమూనాకి రెండు పళ్ళు చాలన్నారు.
ఊపిరి బిగబట్టి వెళ్ళొచ్చేస్తానన్నాడు.
తలుపు పట్టుకున్నది నేను.
మొదటి పండు జేబులో వేసుకున్నాడు.
రెండోదానికి చెయ్యి చాచి, ఎందుకో, నావైపు తిరిగి
ఏదో అనబోయాడు.
మాట అనాలంటే ఊపిరి తీసుకోవాలి కదా.

వాసన లేదు. మంట లేదు. దగ్గయినా రాలేదు.
ఒక్క గుక్క.
నిండా గాలే,
అందులో ప్రాణమే లేదు.

ఆ గది పళ్ళని ఏప్రిల్‌లో అమ్మేశారు.
కరకరలాడుతున్నాయని
మ్యూనిక్ నుంచి ఇంకో లారీకి ఆర్డరొచ్చింది.

ఇప్పుడు ఎనిమిది కిలోమీటర్ల అవతలి కవాటం
నా బొటనవేలి కింద ఉంది.
మందమైన గొళ్ళెం పట్టుకున్న చెయ్యే ఇది,
ఇప్పుడేమో గాజుమీద జరపడమే పని.
సున్నా పాయింట్ నాలుగుని
సున్నా పాయింట్ ఆరు చేశాను.
అక్కడ చీకట్లో ఎవరూ వినని చిన్న ఈల.
పళ్ళకి గుక్కెడు గాలి.

"ఇకపై నన్నే చూసుకోమంటారా?" అని
తెరమీద యంత్రం మర్యాదగా అడుగుతుంది, రోజూ అడుగుతుంది.
బోల్జానో ఆఫీసువాళ్ళు ఒప్పుకోమనే అంటారు.
నాకు నిద్ర మిగులుతుందట.
రోజూ వద్దనే నొక్కుతాను.

అంకె వెంటనే దిగదు.
పండు తేరుకోవడానికి దాని వ్యవధి దానికి కావాలి.
కిటికీ రెక్క తీశాను. మైనస్ ఆరు.
ముక్కుపుటాలు మండేలా ఒకసారి పీల్చాను,
ఎవరి లెక్కల్లోనూ లేని ఇరవై ఒక్క శాతం.

నాలుగూ అయిదుకి గీత ఒక మెట్టు దిగింది.
రుడీ బండి పసుపు దీపం
గది కప్పుమీద గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

కాఫీ పెడదామని వంటింట్లోకొస్తే
బల్లమీద డిసెంబరు నాటి ఆపిల్ ఒకటి,
తొక్క ముడతలు పడి, తొడిమ దగ్గర మెత్తబడి,
గదంతా తియ్యటి వాసన.
ఎవరూ దాన్ని చూడ్డంలేదు.
తనిష్టమొచ్చినట్టు
ముసలిదవుతోంది.